ఈశాన్యం గోడ

ఈ ఇల్లు మేం ఉండడానికి కొన్నది కాదు. ఇందులో వేరేవాళ్ళుంటే, వాళ్ళిచ్చే అద్దెతో మేం ఇంకోచోట హాయిగా ఉందామని కొన్నది. అప్పట్లో మా ఆయన లక్ష్మీప్రసాద్‌గారికి భిలాయి స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లలో ఉద్యోగం, మాకు టౌన్‌షిప్ సెక్టార్లో క్వార్టరు. ప్లాంటులో పనిచేసే తెలుగువాడన్నవాడు ఊరి చివర మరోదా దాటాక ఉతై రోడ్డు పక్కన ఒక ముక్క కొనకపోతే మిగతావాళ్ళు వాణ్ణి జాలిగా చూసేవారు. ఈయన ఎవరినీ తన మీద జాలిపడనిచ్చే మనిషి కాదు, అందుకని కొన్నారు. రెండు గదులు, హాలు, వంటిల్లు, చుట్టూ ఎత్తయిన ప్రహరీ, దానికో ఇనుప గేటు. ఆ గేటు మూస్తే లోపలున్నవాళ్ళు బతికున్నారో లేదో బయటివాళ్ళకి తెలిసే దారి లేదు.

అద్దెకొచ్చినవాళ్ళెవరూ ఇక్కడ రెండో వానాకాలం చూడలేదు. ఆఖరున ఉన్నది జితేంద్ర అనే కుర్రాడు, అతని భార్య. ఓసారి మేం వెళితే ఆ పిల్ల మమ్మల్ని ఈశాన్యం గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపించింది. "అంకుల్, యే దీవార్ రోతీ హై" అంది. గోడ ఏడుస్తోందట. నిజంగానే నేల దగ్గర్నుంచి నడుమెత్తు దాకా గోడ నల్లగా తడిసిపోయి, సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది.

మా ఆయన గోడకేసి చూడలేదు. వంటింటికేసి చూశారు. మూతలు తీసి వండుతున్నారనీ, తడిబట్టలు లోపల ఆరేస్తున్నారనీ, కిటికీలు తెరవడం లేదనీ హిందీలో పెద్ద పాఠం చెప్పారు. ఇల్లు మంచిదే, మీ అలవాట్లే మార్చుకోవాలి అని ముగించారు. ఆ పిల్ల నాకేసి చూసింది. మరుసటి నెల వాళ్ళు ఖాళీ చేశారు.

తర్వాత ఈయన రిటైరయ్యారు. రిటైరైనవాడికి క్వార్టరు ఉండదు, తాళాలు అప్పగించి బయటికి రావలసిందే. ఏళ్ళ తరబడి ఇరుగుపొరుగుల గొంతులు వింటూ బతికిన దాన్ని, పక్కింటి కుక్కర్ కూత విని నా పప్పు దింపుకున్న దాన్ని, సామానంతా ఓ లారీలో వేయించుకుని ఈ గేటులోకి వచ్చాను. మా ఇంట్లోకి మేమే అద్దెకొచ్చినట్టు వచ్చాం.

మొదటి వానాకాలంలోనే అగ్గిపుల్లలు వెలగడం మానేశాయి. అప్పడాలు వంచితే విరగకుండా మడతపడ్డాయి. నా పట్టుచీరల మడతల్లో ఆకుపచ్చ చుక్కలు లేచాయి. బీరువాలోంచి ఏ బట్ట తీసినా ఒకటే వాసన, తడిసి ఆరని గోనెసంచి వాసన. అది ఒంటికి పట్టేసింది. బజారుకి వెళితే కూరలవాడి ముందు నిలబడి నన్ను నేనే వాసన చూసుకునేదాన్ని. అప్పుడే దగ్గు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. మా అమ్మాయి భాగ్యరేఖ రాయపూర్‌లో ఉద్యోగం చేస్తుంది. ఆదివారం వచ్చిందంటే భోజనం అయ్యేలోపే తుమ్ములు మొదలెట్టి, "మమ్మీ, నువ్వే అక్కడికి రా" అని చెప్పి పారిపోతుంది.

ఓరోజు నేను కూడా ఈయన్ని ఆ గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపించాను. "సూడండి, ఎలగ కారుతున్నాదో" అన్నాను.

ఆయన వంటింటికేసి చూశారు. "మూత తీసేసి వండుతున్నావు. తడిబట్టలు లోపల ఆరేస్తన్నావు. కిటికీ తెరవ్వు. ఇల్లు మంచిదే వనజా. నీ అలవాట్లే."

అక్షరం పొల్లుపోకుండా అదే పాఠం, ఈసారి తెలుగులో. నాకెంత మండిందంటే ఆ పూట అసలు వంటే చెయ్యలేదు. మూత గొడవ లేకుండా పోయింది.

ఈయన చెడ్డమనిషేం కాదు. ఈయన బుర్ర కోక్ ఓవెన్లలో తయారైంది, అదీ చిక్కు. బొగ్గుని కోక్‌గా కాల్చే ఆ ఓవెన్లు ఒకసారి వెలిగిస్తే వాటి ఆయుష్షు తీరేదాకా ఆర్పరు. చల్లారితే లోపల ఇటుకలు పగిలి మొత్తం పోతుందట. అందుకని గోడ పగిలితే, పొయ్యి మండుతూండగానే, తలుపు సందులోంచి వేడికి తట్టుకునే మట్టి మసాలా కొట్టి పగులు పూడుస్తారు. దాన్ని హాట్ రిపేరు అంటారు. ఈయన ఉద్యోగమంతా అదే. తన చేతుల మీద ఒక్క పొయ్యి కూడా ఆరలేదని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాడికి చెబుతారు. పని ఆపడం, ఖాళీ చెయ్యడం, లోపలికి దిగి చూడడం ఆయన దృష్టిలో చేతకానివాళ్ళ పద్ధతి.

ఇంటి గోడకీ అదే వైద్యం చేశారు. ముందు సిమెంటు పూశారు. అది ఉబ్బి ఊడితే పుట్టీ పెట్టారు. దాని మీద చెమ్మ ఆపుతుందన్న రంగు వేశారు. రంగు బుడగలు లేస్తే చెక్కేసి టైల్స్ అతికించారు. టైల్స్ వెనక తడి పోయే దారిలేక ఇంకా పైకెక్కింది. అంతకుముందు నడుమెత్తు ఉన్నది భుజమెత్తుకి వచ్చింది. ఒక పొర వేసిన ప్రతిసారీ ఓ రెండు నెలలు ఆయన మొహం వెలిగిపోయేది.

ఆ తడి ఎక్కడిదో నాకు తెలుసు. గోడకి అవతల, ప్రహరీకీ ఇంటికీ మధ్య, నేలలో నీళ్ళ సంపు ఉంది. ఇల్లు కొన్నాక ఈయనే తవ్వించారు. ఈశాన్యంలో నీళ్ళుండాలి, అవి ఎప్పుడూ ఎండకూడదు, ఎండితే ఇంట్లో ఎదుగుదల ఎండిపోతుందని మా వైపు పెద్దలందరూ చెప్పే మాటే. సంపు నిండిన నెలలోనే భాగ్యరేఖకి ఉద్యోగం వచ్చింది. ఇక ఆ సంపుని ఏమన్నా అంటే దేవుణ్ణి అన్నట్టే. మొన్నటికి మొన్న, కిందటేడు ఎండాకాలంలో, మా కాలనీకి కొన్నాళ్ళు నల్లా రాలేదు. సంపు అడుగంటింది. అప్పుడు గోడ కారడం ఆగిపోయి, టైల్స్ సందుల్లో తెల్లటి ఉప్పు పేరింది. నేను చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. ఆయన చూసి, "ఈశాన్యం ఎండిపోతున్నాదే" అని కంగారుపడి, అప్పటికప్పుడు ట్యాంకరు తెప్పించి సంపు నింపించారు. రెండోరోజుకి గోడ మళ్ళీ ఏడుపు మొదలెట్టింది.

అలా ఉండగా లలితాంబ ఫోను చేసింది. క్వార్టర్లో మా పక్కింటావిడ, ఇప్పుడు దుర్గ్‌లో ఓ అపార్టుమెంటులో ఉంటోంది. వాళ్ళ ఎదురు ఫ్లాటు అమ్మకానికొచ్చిందట. వెళ్ళి చూశాను. రెండో అంతస్తు. పైన ఎవరో, కింద ఎవరో, ఎదురుగా లలితాంబ. పిల్లలు మెట్ల మీద దడదడలాడుతూ దిగుతున్నారు. వీధి మీదకో బాల్కనీ, అందులో బట్టల తీగ. నేను అక్కడ కూర్చుని లలితాంబ ఇచ్చిన టీ తాగుతూండగానే, ఆవిడ ఆరేసిన తువ్వాలు పెళపెళలాడేలా ఎండిపోయింది. ఆ తువ్వాలు చేత్తో పట్టుకున్నాను. ఏడుపొచ్చింది, ఉన్నమాట చెబుతున్నాను.

నాకిక్కడ ఊపిరాడ్డం లేదు, మనుషుల మధ్యకి పోదాం అంటే ఈయనకి అర్థం కాదు. ఊపిరాడకపోతే కిటికీ తెరవమంటారు. కాని ఇల్లు అద్దెకిచ్చి పోదామన్నా ఎవరూ రారు, గోడ ఆగడం లేదు, రిపేర్లకి ఒళ్ళు సహకరించడం లేదు. అందుకని ఓరోజు ఆయనే, "ఇది అమ్మేసి ఆ ఫ్లాటు తీసుకుందామా" అన్నారు. నా మాట చెల్లలేదు, గోడ మాట చెల్లింది. ఆ ఇంట్లో నా తరఫున మాట్లాడేది ఆ చెమ్మ ఒక్కటేనని అప్పుడే అర్థమైంది నాకు. ఆరోజు గోడకి దండం పెట్టుకున్నాను కూడా.

అమ్మాలంటే చెమ్మ కనబడకూడదు. ఈయన ఆఖరి పొర వేయించారు. చెక్క పట్టీలు కొట్టించి, వాటి మీద ప్లాస్టిక్ ప్యానెళ్ళు, టేకు రంగువి, నేల నుంచి పైకప్పు దాకా. గోడకి తగిలించి ఉన్న మా సింహాద్రి అప్పన్న పటాన్ని హాల్లోకి మార్చారు. గది చూస్తే హోటలు గదిలా తయారైంది. బేరానికి ముహూర్తం కూడా ఆయనే పెట్టారు, అక్షయ తృతీయ. కొనడానికి మంచిరోజు. పైగా భిలాయిలో వైశాఖమంటే వడగాలులు కొట్టే కాలం, తారురోడ్డు కూడా మెత్తబడుతుంది. ఏ గోడ చూసినా ఎండినట్టే ఉంటుంది.

మా వాళ్ళకి ఆరోజు ఇంకో విశేషం. ఏడాదంతా గంధం పూతలో దాక్కున్న అప్పన్న ఆ ఒక్కరోజే గంధం ఒలిపించుకుని నిజరూపం చూపిస్తాడు. సింహాచలం వెళ్ళలేనివాళ్ళం ఇంట్లోనే పటం అద్దానికి పూసిన పాత గంధం తుడిచి, దీపం పెట్టి, సాయంత్రం మళ్ళీ కొత్త గంధం పూస్తాం. పొద్దున్నే లేచి నేను పటం తుడిచాను. అద్దానికీ బొమ్మకీ మధ్య బూజు అల్లుకుపోయి ఉంది. ఎంత తుడిచినా స్వామి మొహం కనబడలేదు.

కొనేవాళ్ళు పదిగంటలకి వచ్చారు. రవిశంకర్ అనే అబ్బాయి, వాళ్ళమ్మ సింహాచలమ్మ, భార్య సుప్రియ. రవిశంకర్ తండ్రి కూడా ప్లాంటువాడేనట, పోయాడు. అబ్బాయికి కుమ్హారి అవతల ఏదో పెద్ద కట్టడం దగ్గర పని, వారానికొక్కసారి ఇంటికొస్తాడు. చెమ్మవాసన లేస్తుందని ఈయన ఆ పొద్దున కూలర్ వెయ్యనివ్వలేదు. నేను చెమటలు కక్కుతూ మజ్జిగ ఇచ్చాను.

"ఇల్లు బాగున్నాది వదినా," అంది సింహాచలమ్మ, చుట్టూ తిరిగి చూసి. "ఎందుకు అమ్మేస్తన్నారు మరి?"

"మా ఆవిడకి నలుగురిలో ఉండడం ఇష్టం అక్కగారూ," అన్నారు ఈయన. "ఇక్కడ ఊసుపోదంట."

నేను ఎన్ని ఏళ్ళు మొత్తుకున్నా ఆయన నోట రాని మాట, అబద్ధం అవసరమైనప్పుడు ఎంత చక్కగా వచ్చిందో. నేను మజ్జిగ గ్లాసులు సర్దుతూ ఊరుకున్నాను. నాకు ఆ ఫ్లాటు కావాలి. ఊరుకుంటే వస్తుంది. ఆ పూటంతా నోరు మూసుకునే ఉందామని పొద్దున్నే అప్పన్నకి చెప్పేశాను.

సుప్రియ ఒక్కతే ఈశాన్యం గదిలోకి వెళ్ళింది. వెనకే నేను వెళ్ళాను. పాతికేళ్ళుంటాయేమో, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు వెతుక్కుని మాట్లాడుతుంది. గది మధ్యలో నిలబడి చేతులు చాపి కొలుచుకుంటోంది.

"ఆంటీ, ఈ రూమ్ నాది," అంది. "నేను ఘర్ సే కామ్ చేస్తాను, ఇంట్లోంచే, కంప్యూటర్ మీద. పొద్దుట నుంచి రాత్రి దాకా. ఇక్కడ టేబుల్, ఇక్కడ కుర్సీ, గోడకి." అంటూ వెళ్ళి ప్యానెల్‌కి వీపు ఆనించి నిలబడింది. వెంటనే కళ్ళు పెద్దవి చేసుకుని, రెండు అరచేతులూ, ఆ తర్వాత చెంపా దానికి ఆనించింది. "అరే, ఎంత చల్లగా ఉంది ఆంటీ. బయట ఇంత గర్మీ."

గుమ్మం దగ్గర్నుంచి ఈయన గొంతు వినిపించింది. "నేచురల్ కూలింగ్ అమ్మా. ఈ గదికి ఏసీ అక్కర్లేదు. ఈశాన్యం మహిమ."

ఆ పిల్ల చెంప ఇంకా గోడకే ఉంది. కళ్ళు మూసుకుని నవ్వుతోంది. నేను మంచం వేసుకుని దగ్గుతూ పడుకున్నది సరిగ్గా అక్కడే. ఈయన కనీసం చెమ్మని దాచారనుకున్నాను. దాచలేదు, చలవ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. అయినా, లలితాంబ బాల్కనీలో తువ్వాలు గుర్తుచేసుకుని, పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాను.

బేరం కుదిరింది. రవిశంకర్ బయానా కవరు జేబులోంచి తియ్యబోతే సింహాచలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు నాన్నా. ముందు సామి." సంచీలోంచి పసుపు గుడ్డలో చుట్టిన పటం తీసింది. అదీ అప్పన్నదే. "మా ఇంట్లో పద్ధతి వదినా. కొంటున్న ఇంట్లో ఈశాన్యం గోడకి ముందు సామి ఎక్కాల. ఆ తరవాతే డబ్బు చేతులు మారాల. ఇయ్యాల నిజరూపం రోజు కూడాను. ఓ మేకు ఇప్పించండి బాబూ."

ఈయన మొహంలో రంగు పోయింది. "మేకెందుకు అక్కగారూ, స్టూలు మీద పెడదాం."

"సామిని స్టూలు మీద కూకోబెట్టి బేరమాడతామేటి?"

"కొత్త ప్యానెలు, బొక్క పడితే బాగోదు."

"మా ఇల్లే గదా బాబూ, మా బొక్కే," అంది ఆవిడ. అందరూ నవ్వారు, ఈయన తప్ప.

"అసలు మేకులు లేవు ఇంట్లో," అన్నారు ఈయన. అని నాకేసి చూశారు. సుప్రియ కూడా నాకేసి చూసింది. ఆరోజు జితేంద్ర భార్య చూసినట్టే.

మేకుల డబ్బా సింకు కింద ఉంటుంది, సుత్తి దాని పక్కనే. లేవని నేను కూడా తలూపితే చాలు. ఇంకో పావుగంటలో కవరు చేతికొస్తుంది, వానలు మొదలయ్యేలోపు నేను రెండో అంతస్తులో ఉంటాను. ఇవన్నీ నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే వంటింట్లోకి వెళ్ళి, వంగి, డబ్బా, సుత్తి తీశాను. ఎందుకిలా చేస్తున్నావే అని నన్ను నేనే తిట్టుకుంటూ తెచ్చి ఆ అబ్బాయి చేతిలో పెట్టాను.

"ఉన్నాయి. పెద్దది తీసుకో నాన్నా," అన్నాను.

రవిశంకర్ మేకు పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. గోడలోకి దిగాల్సిన మేకు అరటిబోదెలోకి దిగినట్టు తలదాకా దిగిపోయింది. అతను ఆశ్చర్యపోయి సుత్తి వెనక కొక్కెంతో లాగాడు. మేకుతోపాటు ప్యానెల్ కదిలింది. వెనక కుళ్ళిన చెక్కపట్టీ విరిగి, రెండు టైల్స్ ఊడి ప్యానెల్ లోపల్నుంచి జారి కింద పడ్డాయి. వాటి వెనకే నల్లటి బురద నేల మీదకి మెల్లగా వచ్చింది. ఆ తర్వాత వాసన వచ్చింది, ఇన్నేళ్ళుగా మూసిపెట్టిన వాసన అంతా ఒక్కసారి. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ కాస్తోంది.

సుప్రియ ఇందాక గోడకి ఆనించిన చెంపని చున్నీతో తుడుచుకుంది. సింహాచలమ్మ తన పటాన్ని మళ్ళీ పసుపు గుడ్డలో చుట్టుకుంది.

"నిజరూపమే సూపించాడు," అంది నెమ్మదిగా. "మళ్ళీ కబురెడతాం బాబూ."

కబురు రాదని అందరికీ తెలుసు. గేటు దాకా సాగనంపాను. కొడుకూ కోడలూ కారెక్కాక సింహాచలమ్మ వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కావాలనే ఇచ్చేవు వదినా ఆ మేకు," అంది. "మరి నీకెలగమ్మా?" అంది. ఆవిడ అడిగేదాకా ఆ మాట నన్ను నేనే అడగలేదు. గేటు గడియ పెట్టుకుని లోపలికొచ్చాను.

ఈయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "మేకులు లేవని నాను సెప్తే, నువ్వు తెచ్చి ఇస్తావేటి?" అన్నారు. "ఆ కోడలు గుంట మనకేటి, సుట్టమా?"

"సుట్టం కాదు. పొద్దస్తమానం ఆ గోడకి వీపెట్టుకుని కూర్చుంటానన్నాది. ఏడాది తిరిగేసరికి నాలాగైపోద్ది."

"నీకేటయిందిప్పుడు?"

దానికి జవాబు చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి. ఆయన హాల్లోంచి మా అప్పన్న పటం తెచ్చి, ఊడిన ప్యానెల్ని మోకాలితో గోడకి అదిమిపెట్టి, ఆ చిల్లు మీదే పటం తగిలించబోయారు. దేవుణ్ణి కూడా ఇంకో పొరలా వాడేస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పటం చేతిలోంచి లాక్కున్నాను.

"ఇయ్యాల ఒక్కరోజు పూత తీసి చూడాలండీ," అన్నాను. "సామినే చూస్తున్నాం. గోడని చూడలేరా?"

ప్యానెల్ పట్టుకుని లాగాను. కుళ్ళిన పట్టీలు నా చేతుల్లోకే వచ్చేశాయి. ఆయన గోడ ముందు నేల మీద చతికిలబడి, టైల్ ఊడిన చోట చెయ్యి పెట్టారు. వేళ్ళు, తర్వాత మణికట్టు లోపలికి పోయాయి. ఓవెన్ తలుపు తీసి లోపలికి తొంగిచూసే మనిషిలా కళ్ళు చికిలించి, తడి మట్టి బయటికి తీసి వేళ్ళ మధ్య నలిపారు.

"ఇది వేడి మీద సేసే రిపేరు కాదే," అన్నారు చివరికి. "ఖాళీ సెయ్యాల. సంపు ఎండగట్టాల."

"మరి ఈశాన్యం?"

"ఎండగట్టి, గోడకి దూరంగా ఇంకోటి తవ్వుదాం. సామే సూపించాడు గదా, ఏటంటాడు."

నా గుండె తేలికపడింది. ఇన్నేళ్ళ తర్వాత ఈ మనిషి గోడ కేసి చూశాడు, వంటింటి కేసి కాదు. ఆ సాయంత్రం స్వామికి కొత్త గంధం పూస్తూ నేను చాలా సంతోషించాను.

మర్నాడు ఆయన మోటరు పెట్టి సంపు తోడించేశారు. నిచ్చెన వేసుకుని తనే లోపలికి దిగారు. కాసేపటికి కిందనుంచి కేకేశారు, "వనజా, ఇటు సూడు, సెయ్యి పట్టేస్తాది." గోడవైపు పగులు ఉంది, ఆయన అరచెయ్యి అందులో ఇమిడిపోయింది. నెత్తిమీద మట్టితో, చెమట బనియనుతో పైకొచ్చిన ఆ మొహంలో అంత సంతోషం రిటైరయ్యాక నేను చూడలేదు. ప్యానెళ్ళన్నీ పీకేశారు, టైల్స్ కొట్టేశారు, గోడని ఇటుకలదాకా చెక్కేశారు. కిటికీ తలుపులు రెండూ తీసి వడగాలిని నేరుగా గదిలోకి వదిలారు.

రోజూ పొద్దున్నే పెన్సిలు పట్టుకెళ్ళి తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ గీత గీసేవారు. గీత భుజమెత్తు నుంచి దిగడం మొదలెట్టింది. నడుముకి వచ్చింది. మోకాలికి వచ్చింది. దిగినప్పుడల్లా నన్ను పిలిచి, ప్రోగ్రెస్ కార్డు తెచ్చిన పిల్లాడిలా చూపించేవారు. నేను కూడా మెచ్చుకునేదాన్ని. దగ్గు నిజంగానే తగ్గింది.

ఓరోజు టీ తాగుతూ అన్నారు. "వానల్దాకా ఇలగే ఎండితే సాలు, ఇల్లు బంగారంలా ఉంతాది. ఇంక అమ్మడం దేనికే? మనమే ఉండిపోదాం. ఈ వయసులో ఎక్కడికెళ్తాం."

గ్లాసు కింద పెట్టాను. "నాకిక్కడ బాగోలేదండీ."

"ఏటి బాగోలేదు? సెమ్మ పోతున్నాది గదా."

"సెమ్మ కాదు. ఇక్కడ మనిషి గొంతు వినపడదు. గేటు చప్పుడైతే పాలవాడు, లేకపోతే గాలి. రోజంతా నాతో నేనే మాట్లాడుకుంటన్నాను."

"అలవాటవుద్ది," అన్నారు ఆయన, ఎంతో ప్రేమగా. "ఇల్లు మంచిదే వనజా."

మర్నాడు లలితాంబ ఫోను చేసింది. ఎదురు ఫ్లాటు చూడ్డానికి బిలాస్‌పూర్ వాళ్ళెవరో వచ్చారట. "ఏటే, ఏటి సెప్పమంటావు వాళ్ళకి?" అని అడిగింది. వెనకాల మెట్ల మీద పిల్లలు దిగుతున్న చప్పుడు ఫోన్లోంచి వినిపిస్తోంది. "కొన్నాళ్ళు ఆగమను," అన్నాను. "ఎందాకా?" అంది. తర్వాత చెబుతానని పెట్టేశాను.

మధ్యాహ్నం ఈయన హాల్లో కూలర్ ముందు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. నేను ఈశాన్యం గదిలోకి వెళ్ళాను. గోడ మీద ఒకదాని కింద ఒకటిగా పెన్సిలు గీతలు. ఆరోజు పొద్దున గీసినది నా చీలమండల దగ్గరుంది. గోడకి అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. ఈ ఇంట్లోకొచ్చాక ఆ గోడ వెచ్చగా తగలడం అదే మొదలు. ఇంకో రెండు రోజుల్లో ఆఖరి గీత కూడా నేలకి దిగిపోతుంది. అప్పుడు ఇల్లు బాగైపోతుంది, నా తరఫున మాట్లాడేది ఇంకేమీ మిగలదు.

వంటింట్లోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చాను. అన్నిటికంటే పై గీత ఎక్కడుందో వెతికి, దాని మీంచి మెల్లగా, చప్పుడు కాకుండా పోశాను. ఎండిన ఇటుక గటగటా తాగేసింది. మళ్ళీ వెళ్ళి ఇంకో చెంబు తెచ్చాను. అది కూడా పోశాక కిటికీ తలుపులు రెండూ మూసేసి, నేల మీద పడిన తడి కొంగుతో తుడిచి, ఆయన నిద్ర లేచేదాకా హాల్లో కూర్చున్నాను.